91 శాతం సరిపోయింది... నమ్మేయవచ్చా?

ప్రశ్న: సంగారెడ్డి జిల్లా తూర్పు మండలాలకు 2005, 2015 ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలతో, పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో పాత మార్పులను బట్టి రాబోయేవి అంచనా వేసే మొలుస్క్ ప్లగిన్ వాడి 2025 భూ వినియోగ పటం అంచనా వేశాను. అసలు 2025తో 91 శాతం సరిపోయింది. ఇక 2035కి వెళ్లిపోవచ్చా? వాన నీటి పారుదల ఎంత పెరుగుతుందో కూడా లెక్కించాలి.
– పరిశోధక విద్యార్థిని, సంగారెడ్డి

జవాబు: ముందు ఒక పరీక్ష చేయండి. 2015 పటాన్నే యథాతథంగా తీసుకెళ్లి అసలు 2025తో పోల్చండి. పదేళ్లలో ఎక్కువ నేల ఉన్నది ఉన్నట్టే ఉంటుంది కాబట్టి ఈ ‘ఏమీ మారలేదు’ పటానికే బోలెడు మార్కులు పడతాయి. 10,000 పిక్సెళ్లలో (పటంలోని చిన్న గళ్లలో) నిజంగా మారినవి 600 అనుకోండి. మీ మోడల్ కూడా 600 మారతాయంది గానీ సరైన చోట పడ్డవి 150. వదిలేసినవి 450, లేని మార్పు చూపినవి ఇంకో 450. తప్పులు 900, అంటే ఒప్పు 91 శాతం. ఏ పనీ చేయని పాత పటానికి మాత్రం 94! కప్పా విలువ (కాకతాళీయంగా కలిసినవి తీసేసి సరిపోలికను కొలిచే అంకె) కూడా ఇలాగే మురిపిస్తుంది. పట్టుకున్న 150ని ఆ మూడూ కలిపిన 1,050తో భాగిస్తే 14 శాతం. థీసిస్‌లో రాయాల్సింది ఆ అంకె. చిన్నదని దాచకండి, ఈ రంగంలో అది మామూలే.

తప్పులన్నీ మోడల్‌వి కావు, చిత్రంలో ఏది చేను, ఏది కట్టడం అని విడదీసే వర్గీకరణవి కూడా ఉంటాయి. మార్చి, ఏప్రిల్ చిత్రంలో పత్తి తీసేసిన చేను, గుట్టల మీది బండ, కాంక్రీటు దాదాపు ఒకే రంగులో మెరుస్తాయి. చెరువు ఎండి శిఖంలో (నీరు నిలిచే నేలలో) సాగు చేస్తుంటే ‘నీరు తగ్గింది’ అని పటం చెబుతుంది. అందుకే ఒక్క చిత్రంతో సరిపెట్టకుండా అక్టోబరు–నవంబరుది, మార్చి–ఏప్రిల్‌ది రెండూ తీసుకోండి. ఏదో ఒక దాంట్లో పచ్చగా ఉండి, అడవో పొదలో కాకపోతే అది సాగు భూమి. నీటి వర్గాన్ని అక్టోబరు చిత్రం నుంచే తీయండి. బండలను చేత్తో గీసి విడిగా పెట్టేయండి, విసుగు పనే గానీ దానికి అడ్డదారి లేదు. 2005కి ల్యాండ్‌శాట్ 5 తీసుకోండి. ల్యాండ్‌శాట్ 7 పరికరం 2003 మేలో చెడిపోయినందున దాని చిత్రాల్లో ఖాళీ చారలుంటాయి. పాత ఏడాదిని సరిచూసుకోవడానికి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) 2005–06 భూ వినియోగ పటం ఇస్రో పటాల పోర్టల్ భువన్‌లో ఉంది.

రోడ్ల పొర (ఏ చోటు రోడ్డుకు ఎంత దగ్గరో మోడల్‌కు చెప్పే పటం) దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు 2008 నుంచి విడతలుగా తెరుచుకుంది. ఇవాళ్టి రోడ్లన్నీ పెట్టి 2005–15 మార్పును నేర్పిస్తే మోడల్‌కు జవాబు ముందే చెప్పినట్టు. అదే 2035కి వచ్చేసరికి, ఔటర్‌కు అవతల తలపెట్టిన రీజినల్ రింగ్ రోడ్డు సంగతి దానికి ఏమీ తెలియదు. ఆ రోడ్డుతో ఒకటి, లేకుండా ఒకటి, రెండు పటాలు తీయండి.

2015, 2025 పటాలు పెట్టి 2035 తీసేటప్పుడు ప్లగిన్‌లో ‘ఇటరేషన్లు’ అన్నచోట 1 ఇవ్వాలి. ఒక ఇటరేషన్ అంటే మీ రెండు పటాల మధ్య ఉన్న పదేళ్లు. ఏళ్లనుకుని 10 ఇస్తే వందేళ్లు ముందుకు పోతారు. పొరలన్నీ ఒకే పరిధి, ఒకే పిక్సెల్ సైజు, ఒకే ప్రొజెక్షన్‌లో లేకపోతే అసలు ముందుకే కదలదు. జిల్లా పడమటి భాగం యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టి కొలిచే పటాల పద్ధతి) 43వ జోన్‌లో పడుతుంది. అయినా అన్నింటికీ 44 ఉత్తరమే ఉంచండి.

పారుదలకు కర్వ్ నంబర్ పద్ధతి చాలు. నేలను, దాని వాడకాన్ని బట్టి ఇచ్చే ఈ అంకె పెరిగేకొద్దీ పారే నీరు పెరుగుతుంది. ఓ మోస్తరుగా నీరు ఇంకే బి తరగతి నేలలో వరుస పైరుకు 78, వాణిజ్య కట్టడాలకు 92 తీసుకోండి. ఒక్క రోజులో 100 మి.మీ. వాన పడితే చేను నుంచి సుమారు 47 మి.మీ., కట్టడాల నుంచి 78 మి.మీ. పారుతుంది. 31 మి.మీ. తేడా అంటే ఎకరాకు లక్షా పాతిక వేల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 25. ఏడాది వానంతా ఒకేసారి సూత్రంలో పెట్టకండి. అది రోజువారీ వాన కోసం పుట్టింది. ఏడాదిది పెడితే పడ్డ నీరు దాదాపు అంతా పారిపోయినట్టే చూపిస్తుంది.

ప్రశ్న: మా ప్లాటు చెరువు బఫర్‌లో ఉందేమో ఉపగ్రహ పటంలో చూసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పటాన్‌చెరు

జవాబు: తేలదండి. 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు, కట్టడాలు కట్టకూడని బఫర్. ల్యాండ్‌శాట్‌లో ఒక్క పిక్సెలే 30 మీటర్లు, సెంటినెల్–2లో 10. పైగా ఎఫ్‌టీఎల్ గీత అలుగు ఎత్తును బట్టి సర్వేలో తేలుతుంది, ఫొటోలో నీళ్లు ఆగినచోట కాదు. మంచి వానలు పడ్డ పాత ఏళ్ల అక్టోబరు చిత్రాల్లో నీరు మీ ప్లాటు దాకా వచ్చిందంటే అనుమానపడాలి, అంతవరకే. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) ఆన్‌లైన్‌లో పెట్టిన ఎఫ్‌టీఎల్ పటంలో మీ సర్వే నంబరు చూసుకోండి. అది ప్రాథమిక నోటిఫికేషనా, తుది నోటిఫికేషనా అన్నదీ గమనించండి.