బడి ప్రహరీ మీద ఊరి బొమ్మలు: ముందు గోడ సంగతి చూడండి

ప్రశ్న: మా ఊరి ప్రభుత్వ బడికి 60 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు ప్రహరీ ఉంది. పదేపదే సున్నం వేసిన పాత గోడ. పిల్లలు, ఊరివాళ్లు కలిసి దాని మీద బొమ్మలు వేయాలనుకుంటున్నాం. ఏ రంగులు కొనాలి, ఎంత కావాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

బొమ్మ ఎవరు గీస్తారన్నది తర్వాత. ఆ గోడలోకి నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో ముందు చూడండి. ఊళ్లలో గోడబొమ్మల్ని ఎండ కంటే చెమ్మే తొందరగా తినేస్తుంది. గోడ నెత్తిన వేసే సిమెంటు కప్పు, అంటే కోపింగ్, పగిలితే వాన నీళ్లు ఇటుకల్లోకి దిగుతాయి. కిందనుంచి నేల చెమ్మ పైకి ఎక్కుతుంది. చెమ్మతో పాటు వచ్చిన ఉప్పు రంగు వెనకాల తెల్లగా పేరుకుని, రంగును పొక్కులుగా పైకి నెడుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన పెయింటు వేసినా పెచ్చులు ఊడాల్సిందే.

అందుకని మొదటి ఖర్చు మేస్త్రీకి పెట్టండి. ఒక వంతు సిమెంటుకు నాలుగు వంతుల ఇసుకతో కోపింగ్ సరిచేయించి, వాలు బొమ్మలు లేని వైపుకి పెట్టించండి. బొమ్మల వైపు అంచు ఒక అంగుళం ముందుకు ఉంటే కారే నీళ్లు గోడను తాకకుండా పడతాయి. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన చోట కనీసం నాలుగు వారాలు ఆగాలి. పచ్చి సిమెంటులోని క్షారం కొన్ని రంగుల్ని వెలవెలబోయేలా చేస్తుంది.

పాత సున్నం మీద నేరుగా పెయింటు వేయొద్దు. అరచేత్తో గోడను గట్టిగా రుద్దండి. చేతికి తెల్లగా అంటుకుంటే పెయింటు పట్టుకునేది గోడను కాదు, ఆ పొడిని. ప్లాస్టర్ కనబడేదాకా గీకి, వైర్ బ్రష్ కొట్టి, కడిగి, మంచి ఎండలో రెండు మూడు రోజులు ఆరనివ్వండి. పాచి పట్టిన చోట బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు పూసి, అరగంట ఆగి కడగాలి. ఆ పని పెద్దవాళ్లే, చేతులకు తొడుగులు వేసుకుని చేయాలి. గోడంతా నున్నగా ఉండాలని పుట్టీ పెట్టించకండి. పగుళ్లు పూడిస్తే చాలు. మందంగా పెట్టిన పుట్టీ చెమ్మ గోడ మీద రంగుతో సహా అట్టలా ఊడుతుంది.

మీ కొలతకు 300 చదరపు అడుగులు. గరుకు గోడ కాబట్టి ఎక్స్‌టీరియర్ ప్రైమర్ (పెయింటు కంటే ముందు వేసే పూత) ఒక కోటుకు 4 లీటర్లు. తెల్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ (బయటి గోడలకు వేసే, నీళ్లు కలిపే పెయింటు) 10 లీటర్ల బకెట్ ఒకటి తీసుకోండి. రెండు కోట్లకు లీటరు సుమారు 50 చదరపు అడుగులు వస్తుంది. కింద అడుగు పట్టీ పోగా మిగిలే 240 చదరపు అడుగులకు బకెట్‌లో సుమారు సగం పోతుంది, మిగతా సగం లేత రంగులు కలుపుకోవడానికి. కింది అడుగు ఎత్తు మేర బొమ్మ పెట్టకుండా కావి రంగు పట్టీగా వదిలేయండి. వాన చినుకులకు చిందే బురద, చెమ్మ అక్కడే ముందు కనబడతాయి. మళ్లీ వేయాల్సి వచ్చినా పట్టీ ఒక్కటే వేస్తే సరిపోతుంది. పట్టీకీ బొమ్మలకీ కలిపి కావి 2 లీటర్లు, పసుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు ఒక్కో లీటరు.

రంగులు షాపులో మిషన్ మీద కలిపించుకోండి. తెల్ల పెయింటులో స్టెయినర్ (రంగు కోసం కలిపే గాఢమైన ద్రవం) సీసాలు గుమ్మరించి ముదురు రంగు తెప్పించాలని చూస్తే అది సరిగా ఆరదు, వానకు కారుతుంది. ఆక్సైడ్ ఎరుపు, ఆక్సైడ్ పసుపు, నలుపు ఎండకు నిలుస్తాయి. మిరపపండు ఎరుపు, నిమ్మపసుపు లాంటివి ముందుగా వెలిసిపోతాయి, పడమటి ఎండ తగిలే గోడ మీదైతే మరీను. మెరుస్తుందని ఆయిల్ పెయింటు వాడితే గోడలోని చెమ్మ బయటికి పోలేక పొక్కులు లేస్తాయి.

ప్రహరీకి పది అడుగులకో పిల్లర్ ఉంటే ఆరు గళ్లు వస్తాయి. పట్టీ పోగా ఒక్కో గడి 10 అడుగులు బై 4. ఏ4 కాగితం మీద 20 సెంటీమీటర్లు బై 8 పెట్టె గీసి, 2 సెంటీమీటర్లకో చతురస్రం కొట్టండి. గోడ మీద అదే అడుగుకో చతురస్రం అవుతుంది. సుద్దపొడి అద్దిన దారం లాగి కొడితే గీతలు తిన్నగా పడతాయి. చతురస్రం చూసి చతురస్రంలోకి దించుకుంటూ పోతే పెద్దగా చేయి తిరగనివాళ్లు కూడా గీయగలరు. బొమ్మలో ఒక్కో భాగానికి రంగు నంబరు సుద్దతో రాయండి: 1 పసుపు, 2 నీలం, అలా.

ఒక గడికి నలుగురు పిల్లలు మించొద్దు. పైభాగాలు ముందు, కింద తర్వాత. లేకపోతే కారిన రంగు కింద పూర్తయిన బొమ్మ మీద పడుతుంది. కోసిన నీళ్ల సీసాల్లో వేలెడు లోతు పెయింటు మాత్రమే పోసివ్వండి. పిల్లలు బ్రష్‌ను నీళ్లలో ముంచి ముంచి పూస్తారు, పెయింటు పలచబడి ఆరాక చేతికి పొడిగా రాలుతుంది. నీళ్ల గిన్నె అసలు దగ్గర పెట్టొద్దు. కలపాల్సిన నీళ్లు ముందే పదో వంతు మీరే కలపండి. కోటుకీ కోటుకీ నాలుగు గంటలు ఆగాలి. నల్ల గీతలు మాత్రం చివర్లో, చేయి నిలకడగా ఉన్న ఒకరిద్దరే వేయాలి. బొమ్మంతా నిలబడేది ఆ గీత మీదే.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి మంచి కాలం. మే నెల మధ్యాహ్నం వేడెక్కిన గోడ మీద బ్రష్ లాగేలోపే ఆరిపోయి చారలు పడతాయి.

ఏం గీయాలన్నది గ్రామసభలో అడగండి. హెడ్మాస్టరు అనుమతి, పాఠశాల కమిటీ, పంచాయతీ తీర్మానాలు కాగితం మీద ఉండాలి. మాట మీద నడిపితే సర్పంచ్ మారగానే గోడకు సున్నం పడొచ్చు. నాయకుల ముఖాలు, పార్టీ రంగులు వద్దే వద్దు. ఎన్నికల కోడ్ రాగానే కప్పేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు వేసిన పార్టీ రంగుల్ని 2020లో హైకోర్టు తీయించమంది, సుప్రీంకోర్టు కూడా దాన్నే నిలబెట్టింది.

తెలంగాణలోని చేర్యాల పటచిత్రాల శైలిలో వేయాలనుకుంటే నెట్‌లో బొమ్మ చూసి దించకండి. ఆ బొమ్మలు వేసే నకాషీ కళాకారుల్ని పిలిచి, గీతలు వాళ్లతో గీయించి, కూలి కాదు, కళాకారుడికిచ్చే పారితోషికం ఇవ్వండి. సవర గిరిజనుల బొమ్మల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అవి పూజతో ముడిపడి ఇంటిలోపలి గోడ మీద వేసుకునేవి. సవర పెద్దలు ఒప్పుకుంటేనే ప్రహరీ మీదికి తేవాలి.

పని అయ్యాక మిగిలిన ప్రతి రంగునూ పావులీటరు సీసాలో గట్టిగా మూత బిగించి, షేడ్ నంబరు రాసి బడి బీరువాలో పెట్టండి. వానాకాలం వెళ్లగానే గోడ ఒకసారి చూసి, లేచిన పెచ్చు గీకి, ప్రైమర్ చుక్క వేసి, ఆ సీసాలోంచే దిద్దితే అతుకు కనబడదు.