రేంజ్ సరిపోయింది, మోడల్ సరైనదేనా?

చి. శ్రావణికి ఆశీస్సులు.

మీ సోనార్ (నీళ్లలో ధ్వనితో టార్గెట్‌ని కనిపెట్టే పరికరం) పనితీరుని లెక్కేసే మోడల్ చెప్పిన డిటెక్షన్ రేంజ్, అంటే టార్గెట్ దొరికే దూరం, సముద్రంలో చేసిన ట్రయల్‌లో వచ్చిన రేంజ్ దాదాపు కలిశాయి, ఇక వాలిడేషన్ రిపోర్టు (మోడల్ నిజంతో సరిపోతుందని చెప్పేది) రాసేయొచ్చా అని అడిగావు. అప్పుడే వద్దమ్మా. రేంజ్ అన్నది చివర్న తేలే ఒక్క అంకె. దాని వెనక ట్రాన్స్‌మిషన్ లాస్ (దారిలో ధ్వని తగ్గే మోతాదు), సముద్రపు రొద, టార్గెట్ స్ట్రెంత్ (టార్గెట్ ధ్వనిని ఎంత గట్టిగా తిప్పికొడుతుందో) అన్నీ ఉన్నాయి. రానూపోనూ మొత్తం లాస్‌ని 6 డెసిబెల్స్ తక్కువగా, రొదని అంతే ఎక్కువగా లెక్కేసినా రేంజ్ సరిగ్గానే వస్తుంది. సీజన్ మారితే ఆ రెండు తప్పులూ సమానంగా ఉండవు. ధ్వని అన్ని దిక్కులకీ సమంగా పరుచుకునే చోట, శోషణ మాట పక్కనపెడితే, ఒకవైపు లాస్‌లో 6 డెసిబెల్స్ తేడా అంటే దూరం రెట్టింపో సగమో అయినట్టే.

కోడ్‌ని ముందు జవాబు తెలిసిన లెక్కల మీద పరీక్షించు: లాయిడ్ మిర్రర్ (సూటిగా వచ్చే ధ్వనీ, నీటి పైతలం నుంచి తిరిగొచ్చే ధ్వనీ కలిసే లెక్క), లోతు తక్కువ నీళ్లకి పెకెరిస్ అనే శాస్త్రవేత్త 1948లో చేసిన లెక్క. సోర్సునీ రిసీవర్నీ అటూ ఇటూ మార్చి చూడు, లాస్ మారకూడదు. లోతు తక్కువ నీళ్లలో, తక్కువ ఫ్రీక్వెన్సీలో ధ్వనిని కిరణాలుగా లెక్కేసే బెల్‌హాప్ అనే రే మోడల్‌ని, తరంగాల మోడ్‌లుగా లెక్కేసే క్రాకెన్ అనే మోడల్‌తో పోల్చు. రెండూ ఎక్కడ విడిపోతాయో అక్కడ రే మోడల్‌ని అనుమానించు.

అసలు చిక్కంతా సముద్రంతోనే. ఉత్తర బంగాళాఖాతంలో గంగా బ్రహ్మపుత్రల మంచినీళ్లు పైన పేరుకుంటాయి. చలికాలంలో ఆ పైపొర చల్లబడినా, ఉప్పు తక్కువ కాబట్టి తేలిగ్గా ఉండి కిందికి దిగదు. దాని కిందేమో వెచ్చటి నీళ్లు. లోతుకి వెళ్లేకొద్దీ ధ్వని వేగం పెరిగి, ధ్వని పైకి వంగి ఆ పొరలోనే చిక్కుకుంటుంది. సగటు ప్రొఫైల్ (లోతుతో ధ్వని వేగం మారే తీరు) వాడితే ఈ పొర కనిపించకుండా పోతుంది. అందుకే ట్రయల్ రోజునే, ఓడ దగ్గరా టార్గెట్ దగ్గరా, పొద్దునా మధ్యాహ్నమూ సీటీడీ (లోతుని బట్టి నీటి ఉప్పు, వేడి కొలిచే పరికరం) దించాలి. ఎండకి పైనీళ్లు వేడెక్కితే ధ్వని కిందికి వంగిపోతుంది. 1930లలో అమెరికా నేవీ సోనార్లు మధ్యాహ్నమయ్యేసరికి మందగించింది ఇందుకే.

అడుగు మట్టి గుణాలు తెలియనప్పుడు కొలతలతో సరిచేసుకోవడం తప్పదు. కానీ ఆ కొలతలతోనే వాలిడేట్ చేశామని రాయకు. ట్రయల్‌లో కొన్ని రన్లు (ఒక్కో విడత పరీక్ష) చూడకుండా పక్కన పెట్టు. వాటికి మోడల్ అంచనాని ముందే తేదీ వేసి దాచు. టార్గెట్ దొరకని రన్లు పారేసేవాళ్లున్నారు, అది నాకు అస్సలు నచ్చదు. సోనార్ ఎక్కడ పనిచేయదో చెప్పేవి అవే కదా!

హైడ్రోఫోన్ (నీళ్లలో పెట్టే మైకు) రికార్డులు ఉన్నాయన్నావు. వాటి నుంచి దూరాన్ని బట్టి ఒకవైపు లాస్ గీసి, మోడల్ గీతని దాని మీద పెట్టి, ముందు మీ టీమ్ లీడర్‌కి చూపించు. రిపోర్టు ఆ తర్వాతే.

ప్రేమతో,
పెదనాన్న