దూడ ఎందుకు ఆగింది?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. ఆటిజం ఉందని రెండేళ్ల క్రితం డాక్టర్లు చెప్పారు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని ఏడుస్తాడు. ఎత్తుకోబోతే తోసేస్తాడు. అదంతా మొండితనమని మా అత్తగారు అంటారు. సంక్రాంతికి మా పుట్టింటికి వెళ్తే మాత్రం గేదె దూడ మెడకు చెంప ఆనించి గంటసేపు కదలకుండా కూర్చున్నాడు. నా దగ్గర అలా ఎందుకు ఉండడు? కుక్కపిల్లను తెస్తే మారతాడా?

జవాబు: అమ్మా, బాబు మిమ్మల్ని కాదని దూడను కోరుకోలేదు. దూడ తనను ఏమీ అడగదు. ‘ఇటు చూడు, పేరు చెప్పు’ అనదు. ఉన్నట్టుండి మీద పడదు. ఎంత దగ్గరికి వెళ్లాలో, ఎంత గట్టిగా ఆనుకోవాలో అంతా బాబు ఇష్టమే.

అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే పశుశాస్త్ర ఆచార్యురాలు ఉన్నారు. 1947లో పుట్టారు. ఆమెకూ ఆటిజం ఉంది, మూడేళ్లు దాటినా మాటలు రాలేదు. ఇరుకు దారిలో నడిచే పశువులు హఠాత్తుగా ఆగిపోతే పనివాళ్లు అదిలించేవారు. ఆమె మాత్రం ఆ దారిలోకే దిగి, పశువు కంటి ఎత్తు నుంచి చూసేవారు. వేలాడే గొలుసో, కంచె మీద ఎవరో వేసిన కోటో, నీటి మడుగులో తళుకో కనిపించేది. దాన్ని తీసేస్తే పశువు నడిచేది. పశువుల్లాగే తానూ మాటల్లో కాక దృశ్యాల్లో ఆలోచిస్తానని, అందుకే అవి తన కంటపడ్డాయని ఆమె అంటారు. బిగించి పట్టే చట్రంలో పశువులు నెమ్మదించడం చూసి, పద్దెనిమిదేళ్లప్పుడు తనకూ అలాంటిదే తయారు చేసుకున్నారు. ఒత్తిడి ఎంత ఉండాలో తనే నిర్ణయించుకునేవారు. మీ బాబు చెంప ఆనించిన తీరు నాకు అదే గుర్తుచేసింది.

పిల్లవాణ్ని పశువుతో పోలుస్తున్నానని అనుకోవద్దు. దూడ గుమ్మం దగ్గర మొరాయిస్తే మీ నాన్నగారు అది దేనికి బెదిరిందోనని చుట్టూ చూస్తారు కదా, ఆ చూపు బాబుకూ కావాలి. అత్తగారికి ఇలాగే చెప్పి చూడండి. మిక్సీ వేసే ముందు బాబుకు చెప్పి, వంటింటి తలుపు మూయండి. ఎత్తుకోవడానికి బదులు పక్కన కూర్చుని చేయి చాపండి. తనంతట తాను వస్తే నిదానంగా, గట్టిగా పట్టుకోండి.

కుక్కపిల్ల విషయంలో తొందరపడకండి. అది ఆటిజాన్ని పోగొట్టదు. దాని మొరుగుడు మిక్సీకన్నా ఎక్కువ బాధపెట్టవచ్చు. సరిపడలేదని తర్వాత వదిలేస్తే ఆ మూగజీవానికి అన్యాయం. ముందు తెలిసినవారి ఇంట్లో నెమ్మదైన కుక్క దగ్గరికి నాలుగైదుసార్లు తీసుకెళ్లి చూడండి. థెరపీ మాత్రం ఆపవద్దు.

ఈలోగా వీలైనప్పుడల్లా దూడ దగ్గరికి వెళ్లండి. బాబు పక్కనే మీరూ కూర్చోండి, ఏమీ అడగకుండా.