తక్కువ బడ్జెట్‌లో పాత సీఎన్‌సీ లేత్ (కంప్యూటర్‌తో నడిచే, లోహాన్ని తిప్పి కోసే మెషిన్) కొనేటప్పుడు ఏం చూడాలి?

మెషిన్ రేటు ఒక్కటే ఖర్చు అనుకోకండి. క్రేన్, లారీ, లెవెలింగ్, స్టెబిలైజర్, టూల్ హోల్డర్లు, చక్ జాస్ (పనిముక్కని పట్టుకునే దవడలు) అన్నీ మీ జేబులోంచే పోతాయి. నా లెక్కలో, చేతిలో ఉన్న డబ్బులో నాలుగో వంతు వీటికే పక్కన పెట్టాలి.

బాలానగర్, జీడిమెట్ల లాంటి చోట్ల నడుస్తున్న షాపులోనే, కరెంటు ఉండగా చూడండి. కొత్త రంగు వేసి గోడౌన్‌లో పెట్టిన దానికంటే జాబ్ నడుస్తున్న మెషిన్ నయం.

అసలు ప్రాణం స్పిండిల్ (పనిముక్కని తిప్పే ఇరుసు), బాల్ స్క్రూ (టూల్‌ని ముందుకూ వెనక్కీ జరిపే మరచుట్ల కడ్డీ). స్పిండిల్‌ని అరగంట వేగంగా తిప్పించి శబ్దం, వేడి గమనించండి. స్పిండిల్ ముక్కు దగ్గర డయల్ (సన్న తేడాల్ని ముల్లుతో చూపే గేజ్) పెట్టి రనౌట్, అంటే తిరిగేటప్పుడు వచ్చే ఊగు, చూడండి. తర్వాత టరెట్‌కి (టూల్స్ బిగించే తిరిగే తల) డయల్ ఆనించి ఒక్కో స్టెప్ 10 మైక్రాన్ల చొప్పున ఒకవైపు జరిపి, వెంటనే వెనక్కి తిప్పండి. ముల్లు కదలకుండా కొన్ని స్టెప్‌లు పోయాయంటే అది బ్యాక్‌లాష్, అంటే స్క్రూలో వదులు. ఫానుక్ కంపెనీ కంట్రోలర్ అయితే బ్యాక్‌లాష్ సరిదిద్దే పారామీటర్ (సెట్టింగ్) తప్పకుండా తెరవండి, చాలా మోడళ్లలో అది 1851. అక్కడ పెద్ద అంకె ఉంటే స్క్రూ అరుగుదలని కాంపెన్సేషన్‌తో (సాఫ్ట్‌వేర్ సర్దుబాటుతో) కప్పి ఉంచారని అనుమానించాలి. చివరగా పొడవైన బార్ ఒకటి టర్న్ చేయించి రెండు కొసల్లో వ్యాసం కొలవండి, టేపర్ (ఒక కొస సన్నబడటం) ఉంటే బయటపడుతుంది.

హైడ్రాలిక్ లీకులు, కూలెంట్ పంపు లాంటివి బేరానికి పనికొస్తాయి, భయపడనక్కర్లేదు. గైడ్‌వే (టూల్ జారే పట్టాలు) అరిగితే మాత్రం వదిలేయండి.

మెషిన్ కదిలించే ముందే పారామీటర్లు, ల్యాడర్ (మెషిన్ లాజిక్ ప్రోగ్రాం) బ్యాకప్ తీసుకోండి. పాత కంట్రోలర్లలో పారామీటర్లు బ్యాటరీ మీదే నిలుస్తాయి, దారిలో బ్యాటరీ అయిపోతే అవి చెరిగిపోతాయి.