దూరంగా ఉండి పనిచేసే బృందంలో అనుబంధం పెరగాలంటే సంస్థ ఏం చేయాలి?

ఒక్కొక్కరు ఒక్కో ఊరిలో కూర్చొని పనిచేసే బృందంలో సఖ్యత పెరగడానికి సంస్థ ఏం చేయాలని మీరు అడిగారు. శుక్రవారం సాయంత్రపు ఆన్‌లైన్ అంత్యాక్షరిని ముందుగా మానేయాలన్నది నా సమాధానం. నేను నెల్లూరు పక్కన కోవూరులో, మా మేడ మీద గదిలో నుంచి బెంగళూరులోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు టెస్టింగ్ పని చేస్తున్నాను. 2020 లాక్‌డౌన్‌లో ఇంటికి వచ్చినదాన్ని మళ్లీ వెళ్లలేదు. మా బృందంలో గువాహటి, నాగపూర్, తిరునల్వేలి మనుషులున్నారు. హిందీ పాటలు రాని నేనూ, మరొకరూ ఆ అంత్యాక్షరి గంటసేపూ మైకు కట్టేసుకొని నవ్వు మొహంతో కూర్చోవడం వల్ల ఎవరికి ఎవరు దగ్గరయ్యారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మా బృందం నిజంగా ఒకటిగా మారింది 2021 నవంబరు వరదల్లో. ఆ నెల 19న ఎగువన, పెన్నాలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్నా మీది సోమశిల జలాశయం నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి చెన్నై, విజయవాడల మధ్య రైళ్లు నిలిచిపోయాయి. మా వీధిలోకి నీళ్లు వస్తున్నాయనగానే బియ్యం బస్తాలు, ఇన్వర్టర్ బ్యాటరీ మేడ మీదికి చేర్చే పనిలో పడ్డాం. కరెంటు పోయింది, రౌటర్ ఆగిపోయింది, ఫోన్ సిగ్నల్ పిట్టగోడ మూలన నిలబడితే తప్ప అందేది కాదు. అవతల మేం టెస్టు చేస్తున్న సాఫ్ట్‌వేర్ విడుదల తేదీ దగ్గర పడింది. "ఊళ్లోకి నీళ్లొచ్చాయి, కరెంటు లేదు" అని ఒక్క మెసేజ్ మాత్రం పంపగలిగాను.

బ్రహ్మపుత్ర వరదలు చూస్తూ పెరిగిన గువాహటి అమ్మాయి నన్ను ఎప్పుడు తిరిగి వస్తావని అడగలేదు. తాగే నీళ్లు పట్టి పెట్టుకున్నారా, బ్యాటరీ పైకి ఎక్కించారా అని మాత్రమే అడిగి, నా పని తన మీద వేసుకుంది. ఆమె మంచితనం ఒక్కటే ఉంటే అది సాధ్యమయ్యేది కాదు. ఏ టెస్టులు అయ్యాయి, ఏవి ఫెయిలయ్యాయి, ఏ అనుమానం తీరలేదు, డేటా ఎక్కడుంది అన్న వివరాలతో రోజూ పని ముగించే ముందు ప్రతి ఒక్కరూ ఒక నోట్ రాసి పెట్టాలన్న నియమం మాకు అప్పటికే ఉంది. అమెరికా క్లయింటు వేళలు కుదరక పెట్టిన ఆ నియమానికీ అనుబంధానికీ సంబంధం ఉంటుందని దాన్ని పెట్టినవారు కూడా అనుకొని ఉండరు. కరెంటు వచ్చాక తెరిచి చూస్తే, నా నోట్ కిందనే మిగతావాళ్లు రాసుకుంటూ పోయారు. నా అనుమానాల్లో రెండు తీర్చి, "మూడోది నీకే తెలియాలి, ముట్టుకోలేదు" అని వదిలిపెట్టారు. వాళ్లు చేసిపెట్టిన పని కన్నా, నా కోసం వదిలి ఉంచిన ఆ ఒక్క పనే నాకు ఎక్కువ సంతోషం కలిగించింది. అదే వారంలో ఉద్యోగుల కలివిడితనం కోసం నిర్వహించిన పోటీల్లో నేను పాల్గొనలేదని గుర్తుచేస్తూ సంస్థ నుంచి ఒక ఆటోమేటిక్ మెయిల్ కూడా వచ్చింది, అది వేరే సంగతి.

మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2020 తొలి ఆరు నెలల్లో అమెరికాలోని తమ ఉద్యోగులు 61,182 మంది ఒకరితో ఒకరు మాట్లాడుకునే, రాసుకునే తీరును పరిశీలించి, 2021లో ‘నేచర్ హ్యూమన్ బిహేవియర్’ పత్రికలో ప్రచురించారు. అందరూ ఇంటి నుంచి పనిచేయడం మొదలయ్యాక ఒకే బృందంలోని వారి మధ్య మాటలు తగ్గలేదు, ఒక బృందానికీ మరో బృందానికీ మధ్య ఉండే సంబంధాలే తగ్గాయన్నది అందులో తేలిన విషయం. మా సంస్థ చేసే పని దీనికి సరిగ్గా తలకిందులు: రోజూ మాట్లాడుకునే మమ్మల్నే మళ్లీ ఒకచోట చేర్చి ఆటలాడిస్తుంది, బిల్లింగ్ విభాగంలో పనిచేసే మనిషి పేరు మాత్రం ఏ ఒక్కరికీ తెలియనివ్వదు. ఆ ఆటల గంటను వేరే బృందం వాళ్లతో ఆన్‌లైన్‌లో కూర్చొని వాళ్ల పని చూడడానికి ఇస్తే ఎంతో మేలు. మొదటి నుంచీ కార్యాలయమంటూ లేకుండా నడిచే గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ తన పని పద్ధతులన్నీ ఇంటర్నెట్‌లో అందరూ చదువుకునేలా రాసి పెట్టింది. నేర్చుకోవలసింది అక్కడి నుంచి.

సరదా వద్దని నేను అనడం లేదు. పనితో సంబంధం లేని మాటల కోసం మాకు ఒక చాట్ గ్రూప్ ఉంది, అందులో మేనేజర్లు లేరు. నెల్లూరు రొట్టెల పండుగ గురించి గువాహటి అమ్మాయి అడిగితే, స్వర్ణాల చెరువులో కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారని, కోరిక ఉన్నవాళ్లు అందుకుంటారని, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అంటూ వాటికి పేర్లుంటాయని చెప్పాను. జీతం పెంచే అప్రైజల్ రొట్టె దొరికితే తనకు కొరియర్ చేయమని నాగపూర్ అబ్బాయి రాశాడు. పిలిచి కూర్చోబెట్టి నవ్వమంటే ఇలాంటి మాట పుట్టదు.

కష్టాన్ని సమంగా పంచకపోవడం కూడా మనుషుల్ని దూరం చేస్తుంది. నవంబరులో అమెరికా వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకోగానే మా రాత్రి ఎనిమిదిన్నర కాల్ తొమ్మిదిన్నరకు జరుగుతుంది, మా ఇంట్లో అన్నాల వేళ మారిపోతుంది. ఒక నెల వాళ్లు పొద్దున్నే లేచి, మరో నెల మేము మేలుకొని ఉంటే సరిపోతుందని ఎన్నోసార్లు చెప్పాం. క్లయింటు కదా అంటారు.

మీ బృందం సంగతి తేల్చుకోవాలంటే, రేపు మీ ఊరిలో నెట్ పోతే మీ పని ఎవరు అందుకుంటారో, ఎక్కడ చూసి అందుకుంటారో మీ మేనేజర్‌ను అడగండి. సమాధానం రాకపోతే ముందు ఆ నోట్ రాసే పద్ధతి పెట్టించండి, ఆ తర్వాత మా ఊరి వంటి చోట్ల పనిచేసేవారికి ఇన్వర్టర్, రెండో నెట్ కనెక్షన్ ఖర్చు సంస్థే భరించాలని అడగండి. మాకు ఇంతవరకు ఇవ్వలేదు, అడుగుతూనే ఉన్నాం.