విమానం మోతకు కొలత ఏది?

ప్రశ్న: గన్నవరం విమానాశ్రయానికి దగ్గరలో, కేసరపల్లి వైపు ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటున్నాం. రన్‌వే పొడిగించాక పెద్ద విమానాలు ఎక్కువయ్యాయి. విమానం వెళ్లినప్పుడల్లా వంటింటి అలమరలో స్టీలు గ్లాసులు గలగలమంటాయి. మా మామగారు టీవీ సౌండు పెంచుతారు, విమానం దాటాక తగ్గించడం మరిచిపోతారు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని చదివాను. ఫోనులో కొలిస్తే 80 చూపించింది. ఎవరికి ఫిర్యాదు చేయాలి? కిటికీలు మార్పిస్తే లాభం ఉంటుందా?
- ఒక గృహిణి, కేసరపల్లి

జవాబు: మీరు చదివిన అంకెలు సరైనవే, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకు ఆ పరిమితులే ఉన్నాయి. అయితే విమానాశ్రయాల చుట్టుపక్కల ప్రాంతాలకు కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2018 జూన్‌లో వేరే ప్రమాణాలు ప్రకటించింది. ఏడాదికి 50 వేలకు మించి విమానాల రాకపోకలున్న చోట పగలు 70, రాత్రి 65; గన్నవరం వంటి తక్కిన విమానాశ్రయాల దగ్గర పగలు 65, రాత్రి 60. అందువల్ల మీ ఇల్లు విమానాశ్రయ శబ్ద మండలంలోకి వస్తే, 55 అన్న అంకెను పట్టుకుని చేసే ఫిర్యాదు నిలబడదు. అదే 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం రాత్రిపూట విమానాల శబ్దం సగటున 40 డెసిబెల్స్ లోపు ఉండాలని సూచించింది. ఒకే ఏడాది వెలువడిన ఈ రెండు అంకెల మధ్య ఎంత తేడా ఉందో చూడండి.

చిక్కంతా కొలిచే పద్ధతిలో ఉంది. ప్రమాణంలో చెప్పేది సగటు శబ్దం. మీ ఇంటి మీదుగా గంటకొక విమానం ఇరవై సెకన్లపాటు 80 డెసిబెల్స్ మోతతో వెళ్లి, మిగతా సమయమంతా నిశ్శబ్దంగా ఉందనుకుంటే, ఆ గంట సగటు దాదాపు 57 మాత్రమే వస్తుంది. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంటుంది; ఉలిక్కిపడి లేచిన పసిపిల్ల మాత్రం మళ్లీ పడుకోదు. ఫోనులో కనిపించిన 80ని సాక్ష్యంగా చూపితే అధికారులు ఒప్పుకోకపోవడానికి ఫోను కచ్చితత్వంతోపాటు ఇదీ ఒక కారణం.

ఇక పొడిగింపు సంగతి. ఏలూరు కాలువను సైతం దారి మళ్లించి, 2,286 మీటర్ల రన్‌వేను 3,360 మీటర్లకు పెంచారు. దిగే విమానం సాధారణంగా మూడు డిగ్రీల వాలులో, అంటే కిలోమీటరుకు సుమారు 52 మీటర్ల చొప్పున కిందికి వస్తుంది. కాబట్టి రన్‌వేతోపాటు దిగే చోటు కూడా కిలోమీటరు ముందుకు జరిగితే, ఆ వైపు ఇళ్ల మీద విమానం అంతకు ముందుకన్నా యాభై మీటర్లు కిందుగా వెళుతుంది. పైగా విమానాలు గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. ఇక్కడి రన్‌వే తూర్పు పడమరలుగా ఉన్నందున నైరుతి రుతుపవనాల కాలంలో ఒక వైపు వారికి, ఈశాన్యపు గాలి వీచే రోజుల్లో మరో వైపు వారికి హోరు ఎక్కువగా ఉంటుంది. ఏ నెలలో బాధ ఎక్కువో గమనించారా?

ఫిర్యాదుకు ముందు రెండు వారాలపాటు ఒక నోటుపుస్తకంలో తేదీ, సమయం, విమానం లేచిందా దిగిందా, నిద్రకు భంగమైందా అన్నవి రాయండి. నేల మీద నిలిపిన విమానపు ఇంజను రొద, రాత్రి పది దాటాక సాగే నిర్మాణ పనుల చప్పుడు విడిగా రాయాలి. ఎగిరే విమానాన్ని ఆపలేకపోయినా వీటి వేళలు మార్పించడం సాధ్యమే. ఆ వివరాలతో విమానాశ్రయ డైరెక్టరు కార్యాలయానికి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి అపార్ట్‌మెంటు సంఘం తరఫున రాయండి. ఒక్క ఇంటి ఉత్తరం ఫైలులోనే ఉండిపోతుంది. విమానాశ్రయ సలహా సంఘానికి స్థానిక పార్లమెంటు సభ్యుడే అధ్యక్షత వహిస్తారు కాబట్టి నకలు ఆయనకూ పంపండి. పర్యావరణ అనుమతి పొందిన ప్రాజెక్టులు షరతుల అమలుపై ఆరు నెలలకొకసారి నివేదిక ఇవ్వాలి. అందులోని శబ్ద కొలతలను సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు.

కిటికీల విషయంలో చాలామంది మందపు కర్టెన్లకు డబ్బు తగలేస్తారు. శబ్దం సందుల్లోంచి వస్తుంది. జరిపే అల్యూమినియం తలుపుల కిటికీకి ఎంత మంచి అద్దం వేసినా పట్టాల దగ్గరి ఖాళీ మిగిలే ఉంటుంది. పాత కిటికీని అలాగే ఉంచి, గోడకు లోపలి అంచున, జానెడు ఎడంలో, రబ్బరు పట్టీతో బిగుతుగా మూసుకునే రెండో కిటికీ పెట్టించడం మేలు. అయితే గాలి రాదు, కరెంటు బిల్లు పెరుగుతుంది. మన ఎండల్లో అది చిన్న విషయం కాదు. ముందు మీ మామగారు పడుకునే గదికి మాత్రం చేయించి, ఒక వేసవి గడిచాక మిగతా గదుల సంగతి ఆలోచించండి.