వెతికే మాట మారితే దొరికే పాఠం మారుతుంది: ఉపాధ్యాయుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఉపాధ్యాయులు రాసినవే. పాఠం తయారు చేసుకోవడానికి అంతర్జాలంలో వెతికి వెతికి అలసిపోతున్నామని చాలామంది రాశారు. ఒకదానితో ఒకటి ముడిపడిన ఆరు ప్రశ్నలను ఎంచి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను విజ్ఞానశాస్త్రం బోధిస్తాను. "కిరణజన్య సంయోగక్రియను పిల్లలకు ఆసక్తికరంగా ఎలా బోధించాలి" అని గూగుల్‌లో వెతికితే లెక్కలేనన్ని పుటలు వస్తున్నాయి. గంటసేపు చూసినా అన్నింటిలోనూ అవే వాక్యాలు, అదే బొమ్మ. నేను ఎక్కడ పొరపడుతున్నాను?

జవాబు: మీరు రాసినది తోటి ఉపాధ్యాయులను అడగవలసిన ప్రశ్న. వారైతే మీ తరగతిని, మీ పిల్లల స్థాయిని మనసులో పెట్టుకుని జవాబు చెబుతారు. సెర్చ్ ఇంజన్‌కు మీ తరగతి తెలియదు. మీరు రాసిన మాటలకు, వాటి అర్థానికి దగ్గరగా ఉన్న పుటలను తన సూచికలోంచి ఏరి వరుసలో పెట్టడమే దాని పని. నేటి సెర్చ్ ఇంజన్లు పూర్తి వాక్యాలను కూడా బాగానే అర్థం చేసుకుంటాయి. అయితే "ఆసక్తికరంగా ఎలా బోధించాలి" అన్న మాటలు ఎటువంటి పుటల్లో ఉంటాయో ఒక్కసారి ఆలోచించండి. చూసేవారి సంఖ్య పెంచుకోవడానికి రాసిన పుటల్లోనే అవి ఎక్కువగా కనిపిస్తాయి. నిజంగా తరగతిలో ప్రయోగం చేయించి దాన్ని రాసిపెట్టిన ఉపాధ్యాయుడు ఆ మాటలు వాడడు. "పత్రరంధ్రాలు", "పిండిపదార్థ పరీక్ష", "అయోడిన్", "కావలసిన పరికరాలు", "పరిశీలన" అని రాస్తాడు. కాబట్టి మీకు కావలసిన పుట ఇప్పటికే మీ ఎదుట తెరిచి ఉన్నదని ఊహించుకుని, అందులో తప్పక ఉండే నాలుగైదు మాటలను రాసి వెతకండి. ఈ ఒక్క అలవాటు చేసే మేలు తరువాత చెప్పబోయే గుర్తులన్నీ కలిసినా చేయలేవని నా అనుభవం.

ఆ మాటలు ముందే తెలియకపోతే ఏం చేయాలన్న సందేహం సహజం. అందుకే వెతుకులాటను రెండు విడతలుగా చేయాలి. మొదటి విడతలో వచ్చిన పుటలను సమాచారం కోసం కాక పదాల కోసం చదవండి. నిపుణులు ఆ విషయాన్ని ఏ పేర్లతో పిలుస్తున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. రెండో విడతలో ఆ పేర్లతో వెతకండి. మాతృభాషలో ఒకసారి, ఆంగ్లంలో ఒకసారి వెతకడం కూడా అవసరమే, ఎందుకంటే ఒకే విషయానికి రెండు భాషల్లో దొరికే సామగ్రి వేరువేరుగా ఉంటుంది.

పాఠం తయారీలో నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడిన మాట "అపోహలు", ఆంగ్లంలో "మిస్‌కన్సెప్షన్స్". మొక్కలు తమ ఆహారాన్ని వేళ్ళ ద్వారా నేల నుంచి తీసుకుంటాయని, మొక్కలు పగలు శ్వాసించవని పిల్లలు అనుకోవడం గురించి విజ్ఞానశాస్త్ర బోధన పరిశోధకులు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. పాఠం పేరు పక్కన ఈ ఒక్క మాట చేరిస్తే, పిల్లలు ఎక్కడ తడబడతారో, ఏ ప్రశ్న వేస్తే ఆ తడబాటు బయటపడుతుందో చెప్పే పుటలు ముందుకు వస్తాయి. గణితంలో భిన్నాల కూడికకు ఇదే పద్ధతిలో వెతికితే, లవాలను లవాలతో, హారాలను హారాలతో కలిపివేసే పొరపాటు మీద ఎంతో లోతైన చర్చ దొరుకుతుంది.

ఇక గుర్తుల సంగతి. ఒక పదబంధం అదే వరుసలో ఉన్న పుటలే కావాలంటే దాన్ని జంట కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి. అక్కరలేని మాటకు ముందు, ఖాళీ వదలకుండా, మైనస్ గుర్తు పెడితే ఆ మాట ఉన్న పుటలు తొలగిపోతాయి. "సైట్" అన్న మాటను ఆంగ్ల అక్షరాలలో రాసి, వెంటనే కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా ఒక వెబ్‌సైట్ చిరునామా రాస్తే వెతుకులాట ఆ సైటుకే పరిమితమవుతుంది. పూర్తి చిరునామాకు బదులు, విద్యాసంస్థల చిరునామాల్లో ఉండే "డాట్ ఈడీయూ" వంటి చివరి భాగం మాత్రమే రాసినా పనిచేస్తుంది. అదే తీరులో "ఫైల్‌టైప్" అని రాసి, కోలన్ పెట్టి, పీడీఎఫ్ అనో పీపీటీ అనో ఆంగ్లంలో రాస్తే ఆ రకం దస్త్రాలు మాత్రమే వస్తాయి. వర్క్‌షీట్లు, ప్రశ్నపత్రాలు ఎక్కువగా పీడీఎఫ్ రూపంలోనే ఉంటాయి కనుక ఉపాధ్యాయులకు ఇది గొప్ప సాయం. "బిఫోర్", "ఆఫ్టర్" అన్న మాటలకు కోలన్, సంవత్సరం చేర్చి కాలపరిమితి కూడా విధించవచ్చు. మాట ముందు ప్లస్ గుర్తు పెట్టే పాత అలవాటు ఇంకా కొందరికి ఉంది. గూగుల్ దాన్ని 2011లోనే తీసివేసింది, ఆ పని ఇప్పుడు కొటేషన్ గుర్తులే చేస్తాయి.

ప్రశ్న: ఒక శిక్షణ తరగతిలో, చదివినదానిలో 10 శాతం, విన్నదానిలో 20 శాతం, చూసినదానిలో 30 శాతం, చేసినదానిలో 90 శాతం గుర్తుంటుందని ఒక స్లైడు చూపించారు. దాని కింద ఎడ్గర్ డేల్ అన్న పేరు ఉంది. అంతర్జాలంలో వెతికితే వందల పుటలు ఇదే చెబుతున్నాయి. దీన్ని నమ్మవచ్చా?

జవాబు: నమ్మకండి. వందల పుటలు ఒకే మాట చెప్పడానికి అవన్నీ ఒకదాని నుంచి మరొకటి ఎత్తి రాసుకోవడమే కారణం కావచ్చు. ఇక్కడ జరిగింది అదే. అమెరికా విద్యావేత్త ఎడ్గర్ డేల్ 1946లో దృశ్య శ్రవణ పద్ధతుల ద్వారా బోధన గురించి రాసిన పుస్తకంలో "అనుభవ శంకువు" అనే చిత్రాన్ని గీశారు. నేరుగా చేసే అనుభవం అడుగున, మాటల రూపంలోని సంకేతాలు కొనన ఉండే ఆ చిత్రంలో శాతాలు లేవు. ఎవరో తరువాత ఆ అంకెలను దానికి అతికించారు. వాటికి ఆధారమైన ప్రయోగం ఏదీ లేదు. మనిషి జ్ఞాపకాన్ని కొలిస్తే అన్నీ పది చొప్పున తెగే అంకెలే రావడం కూడా అనుమానించవలసిన విషయమే.

దీన్ని మీరే ఎలా కనుక్కోగలరో చెబుతాను, ఎందుకంటే రేపు మరో స్లైడు వస్తుంది. ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా వెతికితే దాన్ని నమ్మినవారి పుటలే వస్తాయి. అదే వాక్యంలోని ముఖ్యమైన మాటలకు "మూలం", "ఆధారం", "విమర్శ" వంటి మాటలు చేర్చి వెతకండి. స్లైడు మీద ఉన్న పేరును, పుస్తకాన్ని, సంవత్సరాన్ని విడిగా వెతకండి. మన ప్రశ్న ఎటు మొగ్గితే జవాబులూ అటే మొగ్గుతాయి. అభ్యసన శైలులనే తీసుకోండి, అంటే కొందరు చూసి, కొందరు విని, కొందరు చేసి బాగా నేర్చుకుంటారన్న భావన. "అభ్యసన శైలుల ప్రయోజనాలు" అని వెతికిన ఉపాధ్యాయునికి ప్రయోజనాలే కనిపిస్తాయి. "అభ్యసన శైలులు, పరిశోధన ఆధారాలు" అని వెతికినవారు హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన సమీక్షను చేరుకుంటారు. శైలిని బట్టి బోధనను మార్చడాన్ని సమర్థించడానికి తగిన ఆధారం లేదని ఆ సమీక్ష తేల్చింది. ఇద్దరు వెతికినదీ ఒకే విషయం, కానీ వారి తరగతి గదులు రెండు వేరు దారులు పట్టే అవకాశం ఉంది.

పుటను అంచనా వేసేటప్పుడు ఆ పుటలోనే కూర్చుని దాని రూపురేఖలను, "మా గురించి" అన్న భాగాన్ని పరిశీలించడం మనలో చాలామందికి అలవాటు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన సామ్ వైన్‌బర్గ్, సారా మెగ్రూ 2017లో వెలువరించిన అధ్యయనంలో పదిమంది చరిత్రకారులను, పదిమంది వృత్తి నిజనిర్ధారకులను, 25 మంది విద్యార్థులను కూర్చోబెట్టి కొన్ని వెబ్‌సైట్ల విశ్వసనీయతను తేల్చమన్నారు. పుట లోపలే పైనుంచి కిందికి చదువుతూ పోయిన విద్యార్థులు, పండితులైన చరిత్రకారులు కూడా, చక్కని లోగోలకు, గంభీరమైన పేర్లకు తరచుగా మోసపోయారు. నిజనిర్ధారకులు మాత్రం ఆ పుటను వెంటనే వదిలి, కొత్త ట్యాబులు తెరిచి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో చూశారు. తక్కువ చదివి, తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చారు. దీన్ని "లాటరల్ రీడింగ్", అంటే పక్కకు జరిగి చదవడం, అంటున్నారు. పండితుల పాండిత్యానికి అందనిది ఈ చిన్న అలవాటుకు అందిందన్న విషయం నన్ను ఎంతో ఆలోచింపజేసింది.

ప్రశ్న: గూగుల్ చిత్రాలలో దొరికిన బొమ్మను వర్క్‌షీటులో అచ్చువేసుకుంటే తప్పా?

జవాబు: దొరికినంత మాత్రాన వాడుకునే హక్కు రాదు. బోధన కోసం వాడుకోవడానికి చట్టాలు ఇచ్చే మినహాయింపులు దేశానికొక తీరుగా ఉంటాయి కనుక, ముందే అనుమతి ఇచ్చి ఉంచిన బొమ్మలను వెతకడం మేలు. చిత్రాల వెతుకులాటలో "టూల్స్" నొక్కి, వినియోగ హక్కుల కింద క్రియేటివ్ కామన్స్ లైసెన్సులను ఎంచుకోండి. ఈ లైసెన్సులు 2002 నుంచి ఉన్నాయి. వాటిలో "బీవై" అంటే కర్త పేరు చెప్పాలని, "ఎన్‌సీ" అంటే వ్యాపారానికి వాడరాదని, "ఎన్‌డీ" అంటే మార్చి పంచరాదని, "ఎస్ఏ" అంటే మార్చి పంచితే అదే లైసెన్సుతో పంచాలని అర్థం. బొమ్మలోని భాగాల పేర్లను మీ భాషలోకి మార్చి పంచుకోవాలనుకుంటే "ఎన్‌డీ" ఉన్నది మీకు పనికిరాదు. సెర్చ్ ఇంజన్ చూపిన లైసెన్సును అంతిమంగా తీసుకోకుండా, బొమ్మ ఉన్న అసలు పుటకు వెళ్లి అక్కడి లైసెన్సు చదివి, కర్త పేరును వర్క్‌షీటు అడుగున రాయండి.

ప్రశ్న: చదవడంలో వెనుకబడిన పిల్లల మీద పరిశోధన వ్యాసాలు చెప్పమని ఒక కృత్రిమ మేధ చాట్ సాధనాన్ని అడిగాను. అది ఐదు వ్యాసాల పేర్లు ఇచ్చింది. రెండు ఎంత వెతికినా దొరకలేదు. నాకు వెతకడం రాకపోవడమే కారణమా?

జవాబు: కాదు. ఆ రెండు వ్యాసాలు అసలు లేకపోవచ్చు. ఈ సాధనాలు వాక్యంలో తరువాత రాదగిన మాటను అంచనా వేస్తూ రాస్తాయి కాబట్టి, నిజమైన పరిశోధకుల పేర్లు, నిజమైన పత్రిక పేరు జోడించి, ఎవరూ రాయని వ్యాసాన్ని ఎంతో నమ్మకంగా చూపించగలవు. వ్యాసం పేరును కొటేషన్ గుర్తుల మధ్య రాసి వెతకండి; వ్యాసాన్ని గుర్తించడానికి ఇచ్చే ప్రత్యేక సంఖ్య అయిన డీఓఐని ఇస్తే డీఓఐ సంస్థ సైటులో వేసి, తెరుచుకున్న వ్యాసం అదేనా అని చూడండి. వ్యాసం నిజంగానే ఉన్నా, సాధనం చెప్పిన మాట అందులో ఉందో లేదో చదివి తేల్చుకోవలసిందే. ఈ సాధనాలను పూర్తిగా వదులుకోమని నేను అనను. ఒక విషయానికి నిపుణులు వాడే పదాలేమిటని అడగడానికి, అంటే పైన చెప్పిన మొదటి విడతకు, అవి బాగా పనికివస్తాయి.

వ్యాసాల కోసమైతే నేరుగా గూగుల్ స్కాలర్‌లో వెతకండి. డబ్బు చెల్లించమని అడిగిన వ్యాసం కింద అన్ని ప్రతులను చూపే లంకె ఉంటుంది. దానిలో తరచుగా ఉచిత ప్రతి దొరుకుతుంది. ఒక మంచి పాత వ్యాసం దొరికితే దాన్ని ఉదహరించిన కొత్త వ్యాసాల లంకెను నొక్కి ముందుకు సాగవచ్చు. విద్యారంగానికి ప్రత్యేకించినది అమెరికా విద్యాశాఖ నడిపే ఎరిక్ భాండాగారం. ప్రపంచంలో ఎక్కడివారైనా అందులో ఉచితంగా వెతకవచ్చు. తోటి నిపుణులు సమీక్షించిన వ్యాసాలు మాత్రమే, పూర్తి పాఠం ఉన్నవి మాత్రమే అని రెండు గడులు ఉంటాయి, వాటిని ఎంచుకుంటే శ్రమ సగం తగ్గుతుంది.

ప్రశ్న: గత సంవత్సరం వాడిన పుట ఇప్పుడు తెరుచుకోవడం లేదు. తిరిగి సంపాదించే మార్గం ఉందా?

జవాబు: ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ 2001 నుంచి ప్రజలకు అందిస్తున్న వేబ్యాక్ మెషీన్‌లో ఆ పుట చిరునామా వేయండి, పాత ప్రతులు ఉంటే తేదీల వారీగా కనిపిస్తాయి. ఇకమీదట మీకు నచ్చిన పుటను అదే చోట "సేవ్ పేజ్ నౌ" అన్న గడిలో వేసి భద్రపరచండి.

ప్రశ్న: నా విద్యార్థులు మొదట వచ్చిన ఫలితాన్ని తెరిచి, దాన్నే రాసుకొస్తున్నారు. వారికి వెతకడం ఎలా నేర్పాలి?

జవాబు: ముందుగా మీరు వెతికే తీరును వారికి చూపించండి. తరగతిలో తెర మీద ఒక నిజమైన సందేహాన్ని తీసుకుని, మనసులో అనుకునేదంతా పైకి చెబుతూ వెతకండి: ఈ మాట ఎందుకు రాశాను, వచ్చిన ఫలితాలు ఎందుకు నచ్చలేదు, ఏ మాట మార్చాను. మీ మొదటి ప్రయత్నం విఫలమైతే దాచకండి, ఎందుకంటే మాట మార్చి మళ్లీ వెతకడమే వారు చూడవలసిన అసలు పని.

తరువాత ఒక అభ్యాసం పెట్టండి. ఫలితాల మొదటి పుటను అచ్చువేసి పంచి, ఏదీ తెరవకుండా, చిరునామాలను, కింద ఉన్న రెండు వాక్యాలను మాత్రమే చదివి, మొదట దేన్ని తెరుస్తారో, ఎందుకు తెరుస్తారో రాయమనండి. "స్పాన్సర్డ్" అని ఉన్నవి డబ్బు కట్టి పెట్టించిన ప్రకటనలని వారు గుర్తించాలి; పైన కనిపించే కృత్రిమ మేధ సారాంశం కింద ఏ పుటల లంకెలు ఉన్నాయో కూడా చూడాలి. నొక్కడానికి ముందు ఆగి చదివే ఈ ఓర్పు నిజనిర్ధారకులలోనూ కనిపించింది. చిన్న తరగతులైతే, పిల్లలు చూడకూడని ఫలితాలను వడపోసే సేఫ్‌సెర్చ్ అమరిక పెట్టిన తరువాతే ఫలితాలు చూపించండి. ఇక రాతపనిలో జవాబుతో పాటు తాము వెతికిన మాటలను, మార్చిన మాటలను కూడా వరుసగా రాసివ్వమని అడిగి, ఆ వరుసకూ కొన్ని మార్కులు కేటాయించండి. వారు ఎక్కడ ఆగిపోతున్నారో మీకు మొదటి వారంలోనే తెలుస్తుంది.